ఈ పూట ఏం వండారు?

శుక్రవారం నాడు మా ఇంట మధ్యాహ్న భోజనం మూడు గంటలకు. జుమా నమాజు ముగించుకుని రెండున్నరలోపే ఇల్లు చేరుతాము. దస్తర్‌ఖాన్ పరచి ఉంటుంది, పళ్ళాలు పెట్టి ఉంటాయి, వంటింటి నుండి బగార్ వాసన వరండా దాకా వస్తూ ఉంటుంది. అయినా ఎవ్వరమూ గిన్నె మూత తీయము. గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంటాము. ఆ వేళకు బంధువులెవరైనా వస్తే వారికి ఇది వింతగా తోస్తుంది. "ఇదేమిటర్రా, సగం పూట రోజానా?" అని మా మామూజాన్ ఒకసారి నవ్వుతూ అడిగారు. పిల్లలే సమాధానమిచ్చారు: "దమ్మామ్ చాచా ఇంకా మస్జిద్ నుండి రాలేదు."

దమ్మామ్ గడియారం మన గడియారానికి రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. మనకు మూడు గంటలైనప్పుడు అక్కడ పన్నెండున్నర. ఆ వేళకు మా మిత్రుడు జుమా నుండి గదికి తిరిగివచ్చి, తన పళ్ళెం ముందుంచుకుని, ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి నిలబెడతారు. ఇక్కడ మేము మా ఫోనును పచ్చడి జాడీకి ఆనిస్తాము. అప్పుడు బిస్మిల్లాహ్.

మేమంటే మా దంపతులమిద్దరమూ. ఈ శీర్షిక ఎన్నడూ ఒక్క చేతి రాత కాదని మా పాఠకులకు తెలిసినదే. ఒకరు రాస్తే మరొకరు కొట్టివేస్తారు. ఈ నెల రాసినదానిలో మాత్రం కొట్టివేతలు తక్కువ. ఎందుకంటే ఇందులో మా పొరపాటు ఉంది, దానిపై మా ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు.

మా ఊరు రుద్రారం. హైదరాబాదు నుండి ముంబయి పోయే జాతీయ రహదారిపై, పటాన్‌చెరు దాటాక, సంగారెడ్డి చేరకముందు వస్తుంది. బస్సులో పోయేవారికి గణేశ్ గడ్డ ఆలయం, గీతం విశ్వవిద్యాలయం భవనాలు, ఫ్యాక్టరీల పొడవాటి ప్రహరీలు కనిపిస్తాయి. ఆ ప్రహరీలలో ఒకదాని వెనుక మాలో ఆయనకూ ఈ మిత్రునికీ ఒకే షిఫ్టులో, ఒకే యంత్రం దగ్గర ఉద్యోగం. ఎనిమిదేళ్ళు ఒకరి టిఫిన్ డబ్బా మరొకరు తిన్నారు. వారి డబ్బాలో తలావా గోష్త్ ఉన్ననాడు ఆ సంగతి మా ఇంటికి సాయంత్రమే చేరేది, రాత్రికి మాలో ఆమెపై ఆ వంట నేర్చుకోవలసిన భారం పడేది!

రెండు కుటుంబాలూ పక్కపక్క పోర్షన్లలో అద్దెకుండేవాళ్ళం. మధ్యలో నడుము ఎత్తు గోడ. ఆ గోడ మీదుగా ఒక స్టీలు గిన్నె అటూ ఇటూ తిరిగేది. మిత్రుని భార్యను మేమిద్దరమూ ఆపా అని పిలుస్తాము. గిన్నెపై ఆమె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది; పెళ్ళికి పుట్టింటివారు ఇచ్చిన సామానులోనిది. అంబాడా వండితే అంబాడా, ఖట్టీ దాల్ చేస్తే ఖట్టీ దాల్, ఏమీ లేని నెలాఖరున టమాటా పచ్చడి. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపరాదన్నది మన ఇళ్ళలో పెద్దలు పెట్టిన నియమం. చేతిలో ఏమీ లేకపోతే ఆపా రెండు నిమ్మకాయలైనా వేసి పంపేది. పొరుగింటామె పంపినది గొర్రె గిట్ట అయినా సరే, దానిని తక్కువగా చూడవద్దని దైవప్రవక్త (స) విశ్వాస స్త్రీలకు బోధించిన సంగతి మనమందరం విన్నాము. ఆ బోధనను మేము పుస్తకంలో చదవకముందే ఆ గోడ దగ్గర చూశాము. పైగా మా ఇళ్ళలో గిట్టలను తక్కువగా చూసేదెవరు? చలికాలం తెల్లవారుజామున పాయా పొయ్యి మీద ఉంటే రెండు పోర్షన్లవారూ అలారం లేకుండానే లేచేవారు.

2011లో వారి కాంట్రాక్టు ముగిసింది. మిత్రునికి దమ్మామ్ వీసా వచ్చింది. ఆపా పిల్లలను తీసుకుని అత్తవారి ఊరు జహీరాబాదుకు వెళ్ళిపోయింది. శంషాబాదు విమానాశ్రయానికి బయలుదేరిన రాత్రి ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు. సామాను సర్దే హడావిడిలో ఆ గిన్నె మా ఇంటనే ఉండిపోయింది. ఆనాడు అందులో ఏముండేదో మాకు గుర్తులేదు.

మొదటి సంవత్సరాలలో ఫోను మాట్లాడడం ఖర్చుతో కూడిన పని. కార్డు గీకి, నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవారు. ఆ కొద్ది నిమిషాలలోనే వాన పడిందా, గేటు దగ్గరి చాయ్ హోటలు ఇంకా ఉందా, ఈద్‌కు షీర్ ఖుర్మాలో చిరోంజీ వేశారా అని అడిగేవారు. తరువాత 2017 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని ఎత్తివేసింది. మాట్లాడడం దాదాపు ఉచితమైపోయింది. విచిత్రమేమిటంటే, అప్పటి నుండే మా మాటలు తగ్గిపోయాయి. ఎప్పుడైనా మాట్లాడవచ్చునన్న ధీమా మనిషిని ఎప్పుడూ మాట్లాడనివ్వదు కాబోలు. క్రమంగా ఇఖామా రెన్యువల్, పిల్లల ఫీజు, ఎవరి ఇంట పెళ్ళి, ఎవరి ఇంట మరణం, ఇవే మిగిలాయి. ఆ తరువాత అవి కూడా లేవు. జుమా ముబారక్ అని ఎవరో తయారుచేసిన పూల బొమ్మ మా నుండి అటు పోయేది, అటు నుండి మరో పూల బొమ్మ వచ్చేది. దాదాపు రెండేళ్ళు మా స్నేహం ఆ బొమ్మలతో గడిచింది.

2022 జనవరిలో ఒక రాత్రి పదకొండు సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. "భాభీ, ఆజ్ క్యా పకాయే?" అంతే. ఈ పూట ఏం వండారని. సలామ్ తప్ప ముందుమాట లేదు, కారణం లేదు, గొంతులో మాత్రం బొంగురు.

ఆ రాత్రి మా ఇంట వండినది మెంతికూర పప్పు. మాలో ఆమెకు అది చెప్పడానికి సిగ్గనిపించింది. పదకొండేళ్ళుగా పరదేశంలో ఉన్న మనిషి అడిగితే మెంతికూర పప్పు అని చెప్పడమా? అయినా ఉన్నదే చెప్పింది: కూర కాస్త చేదెక్కింది, పిల్లలు పేచీ పెట్టారు, చివరికి పాపడ్ వేయించి పెడితే తిన్నారు అని. అటు నుండి చాలాసేపు జవాబు లేదు. ఆ తరువాత మరో మెసేజ్: "ఇంకా చెప్పండి."

అసలు సంగతి మూడు రోజుల తరువాత తెలిసింది. ఆయనకు వారం రోజులుగా జ్వరం. గదిలో ఆరుగురు ఉంటారు, అందరూ తెల్లవారకముందే పనికి వెళ్ళేవారు. పాలక్కాడ్ నుండి వచ్చిన గది మిత్రుడు ఒకరు డ్యూటీకి పోయే ముందు బియ్యపు గంజి కాచి, ఉడికించిన పెసలు పక్కన పెట్టి, పళ్ళెం మూసి వెళ్ళేవారట. "ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. కంజి అనే ఒక్క మాట ఇద్దరికీ తెలుసు," అని మిత్రుడు చెప్పారు. మరి ఆ వారమంతా జహీరాబాదుకు ఏమని చెప్పారు? "అల్హందులిల్లాహ్, బాగున్నాను. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాను."

ఇంటివారిని అడగలేక మమ్మల్ని అడిగారు. ఆపాను "ఏం వండావు?" అని అడిగితే ఆమె చెబుతుంది, చెబుతూ చెబుతూ "మీకిష్టమైనది వండాను, మీరు లేరు" అంటుంది, ఆ మాట తరువాత ఇద్దరికీ ముద్ద దిగదు. అందుకే ఏళ్ళ తరబడి భార్యాభర్తలిద్దరూ భోజనం సంగతి ఎత్తకుండా మాట్లాడుకుంటున్నారు.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. జ్వరం సంగతి ఆపాకు చెప్పవద్దని మిత్రుడు ప్రమాణం తీసుకున్నంత పని చేశారు. మేము ఒప్పుకున్నాము. సరిగ్గా ఆ వారంలోనే ఆపా మాకు ఫోను చేసింది. "ఆయన అక్కడ ఏం తింటున్నారో మీరైనా అడిగి చెప్పండి. నాకు మాత్రం రోజూ బిర్యానీ అంటారు. రోజూ బిర్యానీ తినే మనిషి ముఖం అలా పీక్కుపోతుందా?" మేము ఏమన్నామంటే, బాగానే తింటున్నారట ఆపా, అన్నాము. రెండు వైపులా నమ్మకం ఉన్నవాళ్ళం రెండు వైపులా తీపి మాటలు మోసే తపాలా బంట్రోతులమయ్యాము. ఎవరి మనసూ కష్టపెట్టకూడదన్నదే మా ఉద్దేశం. కానీ ఒక భార్య తన భర్త జ్వరాన్ని తెలుసుకునే హక్కును మేము ఎవరిని అడిగి ఆపామో మాకే తెలియదు.

నెల తరువాత ఆయనే ఆమెకు చెప్పేశారు. ఆపా జహీరాబాదు నుండి బస్సెక్కి నేరుగా మా ఇంటికి వచ్చింది. చాయ్ ముట్టలేదు. "మీరు నాకు చెప్పి ఉంటే నేను ఏడ్చేదాన్ని, అంతే కదా! ఏడ్చి, రెండు రకాతులు చదువుకుని, గంజి ఎలా కాయాలో ఆయనకు ఫోనులో చెప్పేదాన్ని. మీరు నా చేతిలో నుండి ఆ పని లాక్కున్నారు." ఆ మాటకు మా దగ్గర సమాధానం లేకపోయింది. ఇప్పటికీ లేదు.

మా అమ్మీ అంతా వింటూ కూర్చుని ఉంది. లేచి లోపలికి వెళ్ళి, తన ఇనప పెట్టె నుండి ఒక పాత క్యాసెట్ తెచ్చింది. ఫోన్లు లేని రోజులలో గల్ఫ్‌కు వెళ్ళినవారు, ఇక్కడ ఉన్నవారు ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాటలు నింపి, సెలవుపై వచ్చిపోయేవారి చేతికి ఇచ్చి పంపుకునేవారు. తెలంగాణ జిల్లాలలో అలాంటి క్యాసెట్ లేని గల్ఫ్ కుటుంబం ఆనాడు అరుదు. మా చిన్న మామూ 1986లో జిద్దా నుండి పంపినది ఇది. ప్లేయర్ దొరికించుకోవడానికే మాకు రెండు రోజులు పట్టింది. మొదటి వైపు అందరికీ పేరు పేరునా సలామ్, పెద్దలకు ఆదాబ్, చిన్నలకు దీవెనలు. రెండో వైపు మాత్రం ఆయన ఒక్కరే, అలా మాట్లాడుతూ పోయారు: ఉదయం ఫూల్, రొట్టె తిన్నానని, ఫూల్ అంటే పువ్వు కాదు, బాకులా గింజలను మెత్తగా ఉడికించి నూనె పోస్తారని, గది కిటికీలో పావురం గుడ్లు పెట్టిందని, పప్పులో చింతపండు ఎంత వేయాలో అమ్మీ మళ్ళీ ఒకసారి చెప్పాలని. వెనుక కుక్కర్ ఈల కూడా వినిపిస్తుంది. మొదటి వైపును అమ్మీ ఆ తరువాత చెరిపి, పిల్లల ఖురాన్ పఠనం నింపింది. రెండో వైపును ముట్టనివ్వలేదు. మామూ ఇప్పుడు లేరు. ఆ పావురం గుడ్లు మాత్రం మా ఇంట పిల్లలందరికీ తెలుసు.

ఆ రాత్రి ఆపా మా ఇంటనే ఉండిపోయింది. భోజనాల వేళ అమ్మీ హజ్రత్ ఖదీజా (రజి) గారి మాట ఎత్తింది. ఆ మహనీయురాలు మరణించాక కూడా దైవప్రవక్త (స) గొర్రెను జబహ్ చేసినప్పుడల్లా మాంసాన్ని ముక్కలు చేయించి ఆమె స్నేహితురాళ్ళ ఇళ్ళకు పంపేవారు. ఈ సంగతి మనకు చెప్పినవారు హజ్రత్ ఆయిషా (రజి). తాను చూడనైనా చూడని ఖదీజా (రజి) పట్ల కలిగినంత ఈర్ష్య మరే సతీమణి పట్లా కలగలేదని కూడా ఆమె దాచుకోకుండా చెప్పారు. ఈ ఉల్లేఖనాన్ని మేము ఎన్నోసార్లు చదివాము, ప్రసంగాలలో విన్నాము. దానిని ఎప్పుడూ భార్యపై ప్రేమకు ఉదాహరణగానే చూశాము. ఆ రాత్రి మాత్రం మరో వైపు కనిపించింది. ప్రేమించిన మనిషి అందనంత దూరంలో ఉన్నప్పుడు ఆ ప్రేమ ఎక్కడికి పోవాలి? ఆ మనిషికి దగ్గరైన వారి ఇంటి గుమ్మానికి, ఒక మాంసపు ముక్క రూపంలో పోయింది. ఖదీజా (రజి) స్నేహితురాలు ఆ ముక్కను వండుకునేటప్పుడు ఎవరిని తలచుకుని ఉంటుందో వేరే చెప్పాలా?

మిత్రుడు దమ్మామ్‌లో ఉన్నారు, నిజమే. కానీ ఆయన ఇల్లు జహీరాబాదులో ఉంది, అది మా ఇంటి ముందు నుండి పోయే రహదారి మీదనే ఉంది. పదకొండేళ్ళలో మేము ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాము, నాలుగుసార్లూ ఏదో వేడుకకే.

తెల్లవారి ఆపా బయలుదేరేటప్పుడు మాలో ఆమె అటక మీది నుండి ఆ స్టీలు గిన్నె దించింది. చుక్కల పేరు ఇంకా స్పష్టంగానే ఉంది. అందులో ఖీమా పెట్టి, గుడ్డతో మూత కట్టి ఇచ్చింది. ఆపా గిన్నెను చూసింది, ఏమీ అనలేదు. పది రోజుల తరువాత జహీరాబాదు నుండి మా ఊరి వైపు వచ్చే ఒకరి చేతిలో అదే గిన్నె తిరిగి వచ్చింది. లోపల రెండు నిమ్మకాయలు.

శుక్రవారపు ఏర్పాటు ఆ తరువాతదే. ఆలోచన ఆపాది. వారానికి ఒక పూట మూడు చోట్లా ఒకే వంట: జహీరాబాదులో, రుద్రారంలో, దమ్మామ్‌లో. గురువారం రాత్రి ఆపా నిర్ణయిస్తుంది. సౌదీలో 2013 నుండి శుక్ర, శనివారాలు సెలవులు గనుక మిత్రునికి ఉదయం తీరిక ఉంటుంది. మొదటి వారం ఖట్టీ దాల్. ఆయన చింతపండు ఎక్కువ వేసి, దానిని సరిచేయడానికి నీళ్ళు పోసి, నీళ్ళను సరిచేయడానికి మళ్ళీ పప్పు ఉడికించి, చివరికి గదిలోని ఆరుగురికీ రెండు రోజులు సరిపడా దాల్ తయారుచేశారు. వెల్లుల్లి, ఎండుమిరప, కరివేపాకు బగార్ వేసిన క్షణాన ఫోనులో ఆ చప్పుడు విని ఆపా నవ్వింది. పదకొండేళ్ళలో ఆయన ఆ నవ్వు విన్నది ఎన్నిసార్లో మాకు తెలియదు. ఆ రోజు మేమూ విన్నాము.

ఇప్పుడు తలావా గోష్త్ ఆయనకు మాకన్నా బాగా వచ్చు. మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి, పసుపు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి, దాని నీటిలోనే ఉడకనిచ్చి, నీరు ఇంకాక సన్నని సెగపై ఎర్రబడే వరకు కదపడంలోనే దాని రహస్యమంతా ఉంది. తొందరపడేవారికి ఆ వంట రాదు. పాలక్కాడ్ మిత్రుడు దానిని కంజితో తింటారట! మా అమ్మీకి ఆ సంగతి చెబితే చాలాసేపు మౌనంగా ఉండి, "పోనీలే, తిననీ," అంది.

వంట వస్తువులు పంపేవారికి ఒక మాట. ప్రయాణీకుల చేతికి మూట ఇచ్చేటప్పుడు వారి ఎదుటే విప్పి చూపి, ఏమేమి ఉన్నాయో చెప్పి ఇవ్వండి. చూడకుండా తీసుకోవద్దని వారికీ చెప్పండి. ముఖ్యంగా గసగసాలు. మన మసాలాలలో అవి సర్వసాధారణం. సౌదీ, ఎమిరేట్స్ వంటి దేశాలలో మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. అమాయకంగా తీసుకుపోయి చెరసాల పాలైనవారు ఉన్నారు. ప్రేమతో కట్టిన పొట్లం మనిషిని జైలుకు పంపకూడదు కదా. మేము ఊరగాయలు, వేయించిన మసాలాలు, ఎండబెట్టిన చింతచిగురు మాత్రమే పంపుతాము. చిగురు గోష్త్ ఒక్కటే మా మిత్రుడు అక్కడ ఏ బఖాలాలోనూ దొరకబుచ్చుకోలేకపోయిన రుచి.

ఇంతవరకు చదివినవారు మమ్మల్ని మంచివారనుకోవచ్చు. మిగిలినది కూడా చదవండి.

మన ప్రాంతం ఎడారికి మనుషులను పంపినట్లే బయటి నుండి మనుషులను పిలుచుకుంటుంది కూడా. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, తరువాత పాశమైలారం పారిశ్రామికవాడ. ఈనాడు ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రం నిలబడితే బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, బెంగాల్ మాటలన్నీ చెవినపడతాయి. మా మేడపై గదిలో కూడా బీహార్‌లోని సివాన్ జిల్లాకు చెందిన అబ్బాయి ఒకడు 2024 చివరలో అద్దెకు దిగాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయి, హిందూ కుటుంబం. అతని అన్న ఖతర్‌లో ఉన్నాడు. సివాన్ కూడా మన జిల్లాల వలెనే గల్ఫ్‌కు బిడ్డలను పంపే చోటు. నెలకొకసారి అద్దె ఇచ్చేవాడు, మెట్ల మీద ఎదురైతే నమస్తే చెప్పేవాడు. అంతే మా పరిచయం.

2025 జూన్ 30, సోమవారం. ఉదయం పాశమైలారంలోని ఒక ఔషధ సంబంధ కర్మాగారంలో ఘోరమైన పేలుడు జరిగింది. 40 మందికి పైగా మరణించారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుండి పొట్టకూటికి వచ్చినవారే. అంబులెన్సులు మా ఊరి రహదారిపై అరుస్తూ పోతుంటే మాకు ఇంకా సంగతి తెలియదు. పదకొండు గంటలకు తెలియని నంబరు నుండి ఫోను వచ్చింది. ఒక స్త్రీ గొంతు, మాటలు సరిగా అర్థం కాలేదు, ఏడుపు మాత్రం అర్థమైంది. పై గది అబ్బాయి తల్లి. ఇంటి యజమాని నంబరని ఎప్పుడో తల్లికి ఇచ్చి ఉంచాడట. పాశమైలారం అన్న పేరు టీవీలో విన్నది. కొడుకు ఫోను కలవడం లేదు.

మేము మెట్లు ఎలా ఎక్కామో గుర్తులేదు. తలుపు లోపలి గడియ వేసి ఉంది. ఇద్దరమూ కలిసి బాదాము. చాలాసేపటికి తెరుచుకుంది. కళ్ళు నులుముకుంటూ అతను. వేరే కంపెనీలో నైట్ షిఫ్టు చేసి వచ్చి నిద్రపోయాడు. ఫోను ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. మా ఫోను అతని చేతికిచ్చాము. తల్లి బిగ్గరగా ఏడ్చింది. ఏడుపు ఆగాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న మాకు భాష రాకపోయినా అర్థమైంది. "ఖానా ఖైలే?" తిన్నావా అని.

అతను తినలేదు. గదిలో ఒక మూల సత్తు డబ్బా, రెండు ఉల్లిపాయలు, ఒక చిన్న స్టవ్ ఉన్నాయి. ఎనిమిది నెలలుగా మా తల పైన ఉన్న గదిని మేము ఆ రోజే మొదటిసారి చూశాము.

ఆ వారమంతా మా వీధిలో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగడానికి మనసొప్పలేదు. ఆ శుక్రవారం మూడు గంటలకు ఫోను జాడీకి ఆనించి, జరిగినదంతా మిత్రునికి చెప్పాము. ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. "ఆ అబ్బాయి ఈ పూట ఏం తిన్నాడు?" అని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. సోమవారం నాడు అన్నం పెట్టిన మాట నిజమే. అది భయంలో పెట్టిన అన్నం. తరువాత మళ్ళీ మా పనులలో పడిపోయాము. సుమారు 3000 కిలోమీటర్ల అవతల ఉన్న స్నేహితుడు ఏం తింటున్నాడో వారం వారం అడిగి తెలుసుకునే మేము, పద్దెనిమిది మెట్ల పైనున్న బిడ్డను అడగలేదు. ఎవరి గంజితో మా మిత్రుడు లేచి కూర్చున్నారో ఆ పాలక్కాడ్ మనిషి మాకు బంధువూ కాడు, పరిచయమూ లేదు. రుద్రారం కూడా ఎవరికో ఒక దమ్మామ్ అన్న సంగతి అప్పటిదాకా మాకు తోచనేలేదు.

మాలో ఆమె లేచి గిన్నె తీసింది. ఆపా గిన్నె. ఇంట గొర్రెను కోసిన రోజున హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) మన యూదు పొరుగువారికి పంపారా అని మళ్ళీ మళ్ళీ అడిగిన సంగతిని అమ్మీ వెనుక నుండి గుర్తుచేసింది. అవసరం లేకపోయినా చెప్పింది. పెద్దవారికి ఆ స్వేచ్ఛ ఉంటుంది.

అబ్బాయి మంగళవారం మాంసం ముట్టడు. ఆ రోజు అతనికి పప్పు, కూర. మిగతా రోజులలో ఏది ఉంటే అది. మొదట్లో గిన్నె కడిగి ఖాళీగానే తెచ్చి ఇచ్చేవాడు. మన ఇంటి నియమం మా చిన్నమ్మాయి అతనికి చెప్పింది. ఆ మరుసటి రోజు గిన్నెలో రెండు చెంచాల సత్తు ఉంది. ఛఠ్ పండుగ తరువాత తల్లి పంపిన ఠేకువాలు వచ్చాయి. గోధుమపిండి, బెల్లం, నెయ్యితో చేసి వేయించిన గట్టి బిళ్ళలు, వారాల తరబడి చెడిపోవు. వాటిలో నాలుగు జహీరాబాదు పోయాయి. దమ్మామ్ పోయే ఒకరి సంచిలో రెండు అటు కూడా పోయాయి. "ఇవి మా పాలక్కాడ్ ఆయనకు బాగా నచ్చాయి," అని మిత్రుడు మెసేజ్ పెట్టారు, "ఇంకా ఉన్నాయేమో అడుగుతున్నారు."

ఈ మాటలు రాస్తున్న శుక్రవారం మా పెరటి చింతచెట్టుకు చిగురు వచ్చింది. అబ్బాయికి ఈ వారం నైట్ షిఫ్టు. ఉదయం చెట్టెక్కి ఒళ్ళంతా గీసుకుపోయేలా కోసి ఇచ్చాడు. సగం నీడలో పాత చీర మీద ఆరుతూ ఉంది. వచ్చే నెల దమ్మామ్ పోయేవారు ఉన్నారు. సగం కూరలో పడింది. గడియారం మూడుకు ఐదు నిమిషాలు తక్కువ చూపుతోంది. దస్తర్‌ఖాన్ దగ్గర అబ్బాయి ఫోను మోగింది. తల్లి. "కా బనల్ బా?"

అతను గిన్నె మూత కొంచెం ఎత్తి చూశాడు. చింతచిగురుకు తన భాషలో మాట వెతికాడు, దొరకలేదు.

"చింతచెట్టు ఆకులమ్మా," అన్నాడు హిందీలో.

అటు నుండి కాసేపు నిశ్శబ్దం. తరువాత ఆమె, ఆందోళనగా: "ఆకులా? అన్నం పెట్టడం లేదా నీకు?"

మా అమ్మీ చేయి చాచి ఫోను అందుకుంది.